గద్ద కోసం కొన్న రంగు పిల్లలు

కోళ్ళ కళ్ళల్లో చుక్కలు వెయ్యడం నా ఉద్యోగం. ఇలా చెబితే మా చుట్టాలు నవ్వుతారు. ఒక పెళ్ళిలో మా మేనత్త అందరి ముందూ "పశువుల డాక్టరమ్మవనుకున్నాం, కోళ్ళ నర్సువేటే?" అనేసింది. నేను డాక్టర్ని కాదు. లోయలోని పశువుల ఆస్పత్రి వాళ్ళు కొండ మీది కొన్ని గూడేలు నాకు అప్పగించారు, అంతే. ఆవులకు గాలికుంటు టీకా, మేకలకు నట్టల మందు, కోళ్ళకు కొక్కెర తెగులు రాకుండా చుక్కలు. వీటిలో అందరూ తీసిపారేసేది ఆ చివరిదాన్నే. నాకసలే ముక్కు మీద కోపం. కోడంటే లెక్కలేనట్టు ఎవరైనా మాట్లాడితే ఒళ్ళు మండుతుంది.

ఎందుకు మండదు? ఆ కొండల మీద భూమి మగవాళ్ళది, కాఫీ మొక్కలు మగవాళ్ళవి, ఎడ్లు సరేసరి. కోడి మాత్రం ఆడదానిది. పిల్లకి జ్వరమొస్తే సంతకు దిగేది కోడి, చుట్టం వస్తే కూరయ్యేది కోడి, దేవత మొక్కు తీర్చేది కోడి. కొక్కెర తెగులు వచ్చిందంటే ఊడ్చిపెట్టినట్టు వాకిలి ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంటి ఆడమనిషి గంప పక్కన కూర్చుని ఉత్త చేతులు చూసుకోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. అందుకే ఐసు నింపిన ఫ్లాస్కులో మందు సీసా పెట్టుకుని, జీపుకు వేళ్ళాడుతూ, దిగినచోటి నుంచి కొండెక్కుతూ తిరిగేదాన్ని.

గూడేనికి పైన, కాఫీ తోటల మధ్య, విడిగా ఒక ఇల్లుంది. ఆ ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి. నేను "అప్పా" అనేదాన్ని, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఆవిడ నన్ను "గుంటా" అనేది, చిన్నపిల్లను పిలిచినట్టు. నాకు ఇద్దరు పిల్లలున్నా సరే, ఆవిడ లెక్కలో నేను గుంటనే. కొడుకూ కోడలూ పొద్దున్నే పనుల్లోకి దిగిపోతే ఇంట్లో ఆవిడా కోళ్ళూ మిగిలేవాళ్ళు.

అవి చిన్న కోళ్ళు. నల్లటి ఒళ్ళు, మెడ చుట్టూ పసుపు ఈకలు. ఆ జాతి ఆ గూడెంలో ఇంకెవరి దగ్గరా లేదు. పెళ్ళై కొండ అవతలి నుంచి వచ్చిన రోజు, వాళ్ళమ్మ ఒక పెట్టనీ పుంజునీ గంపలో పెట్టి ఆవిడ నెత్తికెత్తిందట. ఆ గంపలోంచి వచ్చిన సంతానమే ఇదంతా. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది, ఒక్క ఫొటో కూడా లేదు. ఆవిడ ఆ కోళ్ళను "మాయమ్మ ఇత్తనం" అనేది.

"ఇవి పిల్లల్ని పిలుస్తాయి సూడు, మాయమ్మ వాకిట్లో ఎలాగ పిలిసీవో అలాగే పిలుస్తాయి. కళ్ళు మూసుకుంటే నాను పుట్టింట్లో ఉన్నట్టే," అనేది.

చుక్కల మాటెత్తితే మాత్రం తరిమేసేది. "నా కోళ్ళకేటి కళ్ళకలకా, సుక్కలెయ్యడానికి?" అని వెక్కిరించేది. నేను నెత్తీ నోరూ మొత్తుకునేదాన్ని. ఆవిడ వక్క నములుతూ వినేది, విని, మజ్జిగ ఇచ్చి పంపేసేది. కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఒక ఏడాది కింది ఇళ్ళలో తెగులు తిరిగింది. చుక్కలు వేయించుకున్న వాకిళ్ళలో కోళ్ళు మిగిలాయి, వేయించుకోని వాకిళ్ళలో పోయాయి. అది ఆవిడ కళ్ళారా చూసింది. ఆ చలికాలం చివర్లో, వారపు సంతలో చింతపండు అమ్ముతూ నన్ను దూరం నుంచే కేకేసింది.

"ఓ గుంటా! ఈపాలి మా ఇంటికీ రా. బేగి రా, నా మనసు మారకముందే."

నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

అయితే అంతకు కొన్ని వారాల ముందే ఆ వాకిట్లో ఒకటి జరిగింది. అదేమిటో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ కొండ మీద ఒక పద్ధతుంది. కోడి పిల్లల్ని చేస్తే గద్ద బెడద తప్పదు కదా. సంతలో అట్టపెట్టెల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన కోడిపిల్లలు అమ్ముతారు. ఎక్కడో పెద్ద పెద్ద షెడ్లలో పుట్టినవి, చవగ్గా వస్తాయి. వాటిని నాలుగైదు కొనుక్కొచ్చి, పొద్దుగూకాక తల్లికోడి రెక్కల కిందకి తోసేస్తారు. తెల్లారేసరికి ఆ తల్లి వాటినీ తనవే అనుకుని వెంటేసుకుని తిరుగుతుంది. పైనుంచి గద్ద చూస్తే ముందు రంగే కనిపిస్తుంది. బెదిరి వెళ్ళిపోతే మంచిదే. తన్నుకుపోయినా ఆ రంగు పిల్లనే తన్నుకుపోతుంది.

"పోతే కొన్నదే పోతాది. మాయమ్మది ఉంటాది," అని అప్ప నాకు విడమరిచి చెప్పింది.

ఆ తెలివికి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నల్లకోడి వెనకాల నల్లపిల్లలు, వాటి మధ్య గులాబీవి రెండు, ఆకుపచ్చవి మూడు. అటు వెళ్తూ ఆగి ఫొటో తీసుకున్నాను. ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. తీసెయ్యాలని వేలు పెడతాను, తియ్యలేను.

నేను ఫొటో తీసుకుని వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ రంగు పిల్లలు ముడుచుకుని కూర్చున్నాయట. ఈకలు రేగిపోయి, తెల్లగా నీళ్ళలా విరేచనాలై, ఒకదాని వెనక ఒకటి పోయాయట. ఆ వెంటనే నల్లపిల్లలకూ అదే వచ్చింది. వాటిలో రెండు మూడు పోయాయి. మిగతావి కొన్ని రోజులు మూలిగి, లేచి తిరిగాయి. ఆవిడ చలి దెబ్బ అనుకుంది. పసుపూ వెల్లుల్లీ నూరి పెట్టింది. పిల్లలు లేచాయి కాబట్టి ఆ సంగతి అక్కడితో మరిచిపోయింది. నేను అడిగినా చలి అనే చెప్పి ఉండేది. విన్నా నేను చుక్కలు వేసేదాన్నే.

చుక్కలు వెయ్యడానికి తెల్లవారుజామున, కోళ్ళ గంపలు ఎత్తకముందే వెళ్ళాలి. ఒకసారి వదిలితే కాఫీ చెట్ల కిందకి పారిపోతాయి, వాటిని పట్టుకునేసరికి మన పని అయిపోతుంది. ఆ రోజు మంచు ఎంతలా పట్టిందంటే ఆవిడ పొయ్యి వెలుగు తప్ప ఇల్లు కనిపించలేదు. ఆవిడే ఒక్కొక్క కోడినీ తీసి, రెక్కలు అణిచి పట్టుకుని, దాని చెవిలో వాళ్ళ ఆదివాసీ ఒడియాలో ఏదో చెప్పి నాకిచ్చేది. నేను కంట్లో ఒక చుక్క వేసి, అది రెప్ప ఆర్పేదాకా ఆగి వదిలేదాన్ని. ముసలి పెట్టలకు వేశాను, పెద్ద పుంజుకు వేశాను, ఎదుగుతున్న పిల్లలన్నిటికీ వేశాను. పిల్లలు చేతిలో గింజుకుంటున్నాయి. అంత హుషారుగా ఉన్నాయి.

"ఇకన కొక్కెర రాదు కదా?" అంది.

"రాదప్పా," అన్నాను.

రోజూ అందరికీ చెప్పే మాటే అది. మందు సరిగ్గా చల్లగా ఉంది, చుక్క సరిగ్గా పడింది. ఇంకేం చెబుతాను?

చైత్రంలో ఇటుకల పండుగ వచ్చింది, కొండ మీది వాళ్ళు విత్తనాలకు మొక్కి వేటకు వెళ్ళే పండుగ. కొండంతా డప్పులు, కాఫీ పూత వాసన. ఆవిడ పెద్ద పుంజును దేవతకు ఇచ్చేసింది. "కుర్రాళ్ళు ఎదిగొచ్చీసినారు. ముసలోడు ఇంకేటి సేత్తాడు?" అని నవ్వింది. ఎదిగొచ్చిన ఆ కుర్రాళ్ళు ఇద్దరు, నల్లటి పుంజుపిల్లలు, మెడ మీద పసుపు అప్పుడప్పుడే దిగుతోంది. అమ్మ విత్తనం ముందుకు సాగాలంటే ఇక ఆ ఇద్దరే.

పండుగకు వచ్చిన చుట్టాలు వెళ్ళారు, ఎండలు ముదిరాయి, కొండకి కొక్కెర తెగులు వచ్చింది. సంతకు దిగిన ఒకామె చెబితే నాకు తెలిసింది. పై ఇంట్లోనే మొదలైందని ఆమె అంటే నేను నమ్మలేదు. "చుక్కలు వేసిన ఇల్లు అది, నువ్వు ఇంకేదో ఇల్లు చూసుంటావు," అని ఆమె మీద కసురుకున్నాను కూడా.

ఎక్కి చూశాను. వాకిట్లో పిల్లలన్నీ, అంటే అప్పటికి మూడు నెలల కోళ్ళు, రెక్కలు జారేసి నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. ఆకుపచ్చ విరేచనాలు. కొన్నిటికి మెడ మెలి తిరిగిపోతోంది. చచ్చినవాటి మీద బుట్ట బోర్లించి ఉంది. ముసలి పెట్టలు మాత్రం ఏమీ జరగనట్టు పేడ కెలుక్కుంటున్నాయి. అప్ప ఇంట్లో లేదు.

"బాగున్న వాటిని గంపలో పెట్టుకుని పుట్టింటికి ఎలిపోనాది," అంది కోడలు.

సాయంత్రం ఆవిడ ఖాళీ గంపతో కొండ దిగి వచ్చేసరికి నేను అరుగు మీదే ఉన్నాను. ఆవిడ చెప్పు కూడా విప్పకముందే అరిచాను. "రోగమున్న చోటి నుంచి కోడిని కదపొద్దని ఎన్నిసార్లు చెప్పాను! బాగున్నట్టే కనిపిస్తాయి, లోపల మోసుకుపోతాయి. అక్కడి కోళ్ళకు చుక్కలు కూడా లేవు. ఎందుకు తీసుకెళ్ళావప్పా?"

ఆవిడ గంప దించి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, నేను ఇంత చిన్న సంగతి ఎందుకు అడుగుతున్నానో అర్థం కానట్టు చూసింది.

"గుంటకి జొరమొస్తే ఎక్కడికి తీసుకెల్తావు? పుట్టింటికే కదా. గాలి మారితే నయమైపోతాదని. ఇవీ అక్కడివే గదా."

ఆ తర్వాత అసలు మాట అడిగింది.

"సుక్కలేసినావు గదా. నా సేతుల్తో పట్టుకున్నాను గదా. మరెందుకు సస్తన్నాయి?"

నాకు తెలియదని చెప్పాను. అప్పుడే చచ్చిన ఒక పెట్టపిల్లను కవర్లో చుట్టుకుని దిగాను. ఆవిడ దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళలో ఒకటి పుట్టింటికి వెళ్ళింది, ఒకటి వాకిట్లో మెడ తిరిగి పడి ఉంది. కవర్లోది వేరే పిల్ల అని దారి పొడవునా నాకు నేను చెప్పుకున్నాను, అదేదో మంచి కబురైనట్టు.

ఆస్పత్రిలో డాక్టరు గారు దాన్ని కోశారు. కొక్కెర తెగులే, అందులో అనుమానం లేదు. ఆయన కత్తి కొన తోక కిందకి తీసుకెళ్ళి ఒకటి చూపించారు.

"ఈ సంచి చూశావా? ఈ వయసు కోడికి రేగిపండంత ఉండాలి. సెనగ గింజంత అయిపోయింది. చిన్నప్పుడు వీటికి తెల్ల విరేచనాలు అయ్యాయేమో కనుక్కో. గంబోరో అని ఇంకో వైరస్ జబ్బు. అది తినేసింది దీన్ని."

అప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చెప్పారు. కోడిపిల్లకు రోగాలతో పోరాడడం పుట్టుకతో రాదు. పోరాడే కణాలు ఆ సంచిలోనే తయారవుతాయి, పిల్ల ఎదిగేదాకా అక్కడే. గంబోరో వచ్చి ఆ సంచిని పాడు చేసి పోతుంది. పిల్ల చావకపోతే లేచి తిరుగుతుంది, తింటుంది, ఎదుగుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఆ తర్వాత మనం వేసే చుక్క ఒంట్లోకి వెళ్తుంది కానీ, దాన్ని చూసి కొక్కెరను గుర్తుపట్టడం నేర్చుకునే వాళ్ళు లోపల ఉండరు. ముసలి పెట్టలకు ఎప్పుడో ఎదిగే వయసులోనే ఆ సంచి పని పూర్తయిపోయింది, కాబట్టి గంబోరో వాటిని ఏమీ చెయ్యలేదు. మన చుక్క వాటికి పట్టింది.

"అయితే నేను వేసింది..." అన్నాను.

"సరిగ్గానే వేశావమ్మా. అందరం సరిగ్గానే చేశాం," అన్నారు ఆయన. కత్తి కడుక్కోవడానికి లేచారు.

నాకు ఎవరినైనా తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టను? సంతలో రంగు పిల్లలమ్మిన మనిషికి ఏం తెలుసు, తెచ్చాడు, అమ్మాడు. గద్దను తిట్టనా? తప్పు చేసినవాళ్ళు ఒకరుంటే ఎంత బాగుండేది! వాళ్ళ గుమ్మం ముందు నిలబడి కడిగేసేదాన్ని.

మళ్ళీ కొండెక్కి అప్పకు చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక, వచ్చిన తీరులో చెప్పాను. ఆ రంగు పిల్లలతో ఒక జబ్బు వచ్చింది, అది నీ పిల్లల్ని చంపలేదు కానీ వాటి లోపలి బలాన్ని పట్టుకుపోయింది, అందుకే నా చుక్కలు పని చెయ్యలేదు అన్నాను.

"అంటే ఆ నాడు లేసి తిరిగినప్పుడే సచ్చిపోనాయన్నమాట," అంది.

"అలా కాదప్పా..."

"మరెలాగ?"

నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాను.

"ఆ బలం మళ్ళీ మొలిసీలా సుక్కలేటీ నేవా?" అని అడిగింది.

"లేవప్పా."

"అన్నిటికీ ఉంటాయంటావు గదే," అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. నిష్ఠూరమాడినా బాగుండేది.

పుట్టింటి నుంచి కబురు వచ్చింది. వాళ్ళన్న పంపించాడు. గంపలో వెళ్ళిన పుంజుపిల్ల పోయింది, దాని వెనక అక్కడి కోళ్ళన్నీ పోయాయి, వాకిట్లో ఒక్క ఈక మిగల్లేదు, ఇంకెప్పుడూ ఏదీ పంపొద్దు అని. అమ్మ విత్తనానికి అసలు ఇల్లు అదే. ఆ కబురు విన్న రోజు ఆవిడ అన్నం వండలేదని కోడలు చెప్పింది. నేను వారానికొకసారి ఏదో వంక పెట్టుకుని ఎక్కేదాన్ని. వెళ్ళి చేసేదేమీ లేదు. అరుగు మీద కూర్చునేదాన్ని, వచ్చేదాన్ని.

వాకిట్లో మెడ తిరిగి పడిన కుర్రాడు మాత్రం చావలేదు. ఎందుకు చావలేదో డాక్టరు గారికీ తెలియదు, ఒకటీ అరా అలా మిగులుతాయన్నారు. కానీ దాని మెడ ఇక సరి కాలేదు. తల మెలిపడి ఎప్పుడూ ఇంటి చూరు వైపు చూస్తూ నిలబడేది. గింజ పొడవబోతే పక్కనున్న మట్టి తగిలేది. ఆవిడ చోడి ముద్దను, అంటే రాగి ముద్దను, చిన్న చిన్న ఉండలు చేసి దాని నోట్లో పెట్టేది. వానలు పడేసరికి దానికి మెడ మీద పసుపు పూర్తిగా దిగింది, తోక వంగింది. ఒక పొద్దున కూసిందట. సగంలో గొంతు విరిగిపోయినా కూత కూతే. ఆ రోజు సంతకు దిగి మరీ నాకు చెప్పింది.

"ఓలమ్మో, కూసీసినాడే! మావోడు కూసీసినాడు!"

వేరే పుంజు కలవకుండా ఇంటి వెనక వెదురు దడి కట్టించింది. అందులో తన ముసలి పెట్టల్నీ ఆ మెడవంకర పుంజునూ పెట్టింది. అది పెట్ట మీదకి ఎక్కబోయి పక్కకి దొర్లిపోయేది. "నానే పెట్టని పట్టుకుని మరీ కాపరం సేయించినాను, సిగ్గు నేకుండా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తెగులు వచ్చాక మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే. లోపల మాత్రం నాకు భయంగానే ఉంది. కాళ్ళ మీద సరిగ్గా నిలబడలేని పుంజు ఏం చేస్తుంది?

శ్రావణంలో ఆ పుంజు చచ్చిపోయింది. వానలో తడిసి, పొద్దున లేవలేదు. ఆవిడ ఏడవలేదు, ఎందుకంటే అప్పటికే ఒక పెట్ట గుడ్ల మీద పొదుగుకు కూర్చుని ఉంది. అవి ఆ పుంజు ఉన్నప్పుడు పెట్టిన గుడ్లు. ఆవిడ ఆశంతా ఆ గంపలో ఉంది.

పొదిగి వారం దాటాక నేను వెళ్ళాను. గుడ్డు వెనక ఫోను లైటు పెట్టి చూస్తే పిల్ల పడిందో లేదో తెలుస్తుందని ఎప్పుడో నేనే చెప్పాను. పడితే లోపల ఎర్రటి నరాలు పాకి కనిపిస్తాయి. పడకపోతే ఉత్త పసుపు వెలుగే. పట్టపగలైనా ఆవిడ గది తలుపు మూసి చీకటి చేసింది. పెట్ట కింద చెయ్యి పెట్టి గుడ్డు తీసి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

మొదటి గుడ్డులో ఏమీ లేదు. రెండోది చూశాను. లైటు అటూ ఇటూ తిప్పి, గుడ్డును తిప్పి చూశాను. ఆవిడ గుడ్డు వైపు చూడడం లేదు, నా మొహం చూస్తోంది.

"ఏటి కనబడతంది?"

"ఆగప్పా."

ఒక్కొక్కటీ ఇచ్చింది, ఒక్కొక్కటీ చూసి తిరిగి ఇచ్చాను. ఆఖరిది మాత్రం చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను. అబద్ధం చెబుదామా అనుకున్నాను. చెప్పి కొండ దిగిపోవచ్చు. కానీ ఇంకో రెండు వారాలకు ఆవిడ ఒక్కతే ఆ గంప ముందు కూర్చుని తెలుసుకోవాలి.

"పిల్ల పడలేదప్పా," అన్నాను.

"అన్నిట్లోనా?"

"అన్నిట్లోనూ."

ఆవిడ ఆ గుడ్డు తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్ట రెక్క కింద పెట్టేసింది.

"తీసెయ్యి అప్పా, కుళ్ళిపోతాయి," అన్నాను. "కింది ఇంటివాళ్ళ పుంజును తెచ్చి వదులుదాం. సగమైనా మీయమ్మ పోలిక వస్తుంది."

"తెద్దాం లేయే," అంది. "సగమైనా సగమే. ఇప్పుడు మాత్రం దీన్ని లేపకు, కూకోనీ."

పెట్ట మా మాటలు పట్టించుకోలేదు. ముక్కుతో ఆ గుడ్డును ఇంకొంచెం లోపలికి లాక్కుని, ఒళ్ళు వెడల్పు చేసుకుని దాని మీద సర్దుకుంది. గొంతులో చిన్నగా ఏదో అంటోంది, పిల్లల్ని పిలిచినట్టు. అప్ప నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించి, గొంతు బాగా తగ్గించి అంది.

"దానికి సెప్పకు."